సేప అని చదివిన పిల్ల

ఆగస్టు మొదటి వారంలో కొత్తరేవుపేట బడికి బేస్‌లైన్ పరీక్ష వచ్చింది. ఏ పిల్ల ఎంతవరకు చదవగలదో తేల్చే పరీక్ష అది. ఒక్కొక్కరినీ పిలిచి కూర్చోబెట్టి, చేతికి చిన్న కథ ఉన్న కార్డు ఇస్తారు. నిమిషంలో ఎన్ని మాటలు సరిగ్గా చదివారో ట్యాబ్‌లో నొక్కుతారు. తప్పులు ఎక్కువైతే కథ నుంచి మాటలకు, మాటల నుంచి అక్షరాలకు దించుతారు.

కొత్తరేవుపేట కళింగపట్నం అవతల సముద్రం ఒడ్డున ఉన్న చేపలవాళ్ల ఊరు. బడికి ఇద్దరే టీచర్లు. హెడ్మాస్టరు కూర్మయ్యగారు నాలుగు, ఐదు తరగతులు చూస్తారు. మొదటి మూడు తరగతులూ దీవెన టీచరువి. శ్రీకాకుళంలో అరసవల్లి వెళ్లే రోడ్డు పక్క సందులో ఆమె ఇల్లు. రోజూ స్కూటీ మీద గార మీదుగా వచ్చి పోతుంది. పిల్లలచేత అక్షరాలు వల్లె వేయించడం ఆమెకు నచ్చదు. ముందు చప్పుడు వినిపించి, ఆ చప్పుడుతో మొదలయ్యే మాటలు వాళ్లచేతే వెతికించి, ఆ తర్వాతే అక్షరం రాయిస్తుంది. అట్టముక్కల మీద అక్షరాలు రాసి, కలిపి చదివిస్తుంది. ఒకటో తరగతి నుంచి అలా ఆమె చేతిలోనే చదువు నేర్చుకున్న పిల్ల ఈశ్వరి. ఇప్పుడు మూడో తరగతి. కిరాణా కొట్టు గోడ మీది ప్రకటనలు, బిస్కెట్ ప్యాకెట్ మీది చిన్న అక్షరాలు, ఏది కనబడినా ఆగి చదువుతుంది.

పరీక్ష పెట్టడానికి వచ్చినమ్మాయి పేరు శ్రావణి. కొత్తవలస వాళ్లు. ఈ పరీక్షలు నడిపే సంస్థలో కొత్తగా చేరింది. వరండాలో కుర్చీ వేసుకుని ఈశ్వరిని పిలిచింది. దీవెన గుమ్మంలో నిలబడి చూస్తోంది.

కార్డు మీద ఇలా ఉంది: ‘ఒక చెరువులో చిన్న చేప ఉంది. చెరువు పక్కన చింత చెట్టు ఉంది. చెట్టు మీద చిలుక చేపను చూసింది.’

ఈశ్వరి ఒక్క చోట కూడా తడుముకోలేదు. “ఒక సెరువులో సిన్న సేప ఉంది. సెరువు పక్కన సింత సెట్టు ఉంది. సెట్టు మీద సిలుక సేపను సూసింది” అని గడగడా చదివేసి, ఇంకో కార్డు కోసం చెయ్యి చాపింది.

శ్రావణి ట్యాబ్ మీద వేలు పది సార్లు పడింది. పదిహేను మాటల్లో పది తప్పు. మాటల కార్డు ఇచ్చింది. చీమ, పలక, చేయి, గంప, చుక్క. మళ్లీ మూడు తప్పు. అక్షరాల కార్డు ఇచ్చింది. అన్నీ సరిగ్గా చెప్పింది. ఒంటరిగా కనబడిన ‘చ’ను కూడా ‘చ’ అనే అంది. ట్యాబ్ ఫలితం చూపించింది: అక్షరాల స్థాయి.

“అక్షరాల స్థాయి ఏమిటండీ?” అంది దీవెన. “మీ ముందే కథంతా చదివింది కదా!”

శ్రావణి ఇబ్బందిగా నవ్వింది. “మా ఇంట్లోనూ సేపే మేడమ్. కానీ మాకు ట్రైనింగ్‌లో చెప్పింది ఒకటే. కార్డు మీద ఉన్నది ఉన్నట్టు పలికితేనే ఒప్పు కింద నొక్కాలి. నేనేం చెయ్యను?”

అక్షరాల స్థాయి వచ్చిన పిల్లలు మధ్యాహ్నం రెండు పీరియడ్లు విడిగా కూర్చుని మొదటి నుంచి అక్షరాలు దిద్దాలి. తొంభై రోజులు. ఆ వేళలోనే మిగతా మూడో తరగతి పిల్లలు కథల పుస్తకాలు చదువుకుంటారు.

ఆ సాయంత్రం ఇంటికి పోతూ దీవెన ఒక నిర్ణయానికి వచ్చింది. తప్పు పరీక్షదని ఆమెకు తోచలేదు. పిల్ల నోరు సరిచేస్తే సరిపోతుందనుకుంది. అలా అనుకోవడానికి ఆమెకో కారణం ఉంది. టీచరు ట్రైనింగ్‌కి వేరే జిల్లా వెళ్లినప్పుడు మొదటి రోజు లేచి “ఏటి సార్?” అన్నందుకు క్లాసంతా నవ్వింది. ఆ ఏడాదంతా ఆమె గదిలో అద్దం ముందు నిలబడి ‘చెప్పు, చూడు, ఏమిటి’ అని సాధన చేసింది. తల్లి ఎలీసమ్మతో ఫోన్‌లో మాట్లాడినా ఆ భాషే మాట్లాడింది. తనకు పట్టుబడినది ఈ పిల్లకెందుకు పట్టుబడదు?

మర్నాటి నుంచి రోజూ ప్రార్థన అయ్యాక పావుగంట ఈశ్వరిని ఎదురుగా నిలబెట్టింది.

“నాలుక పైకి ఆనించు. చ. చే. చేప.”

“చ. చే. సేప.”

“మళ్లీ.”

వింతేమిటంటే ‘వచ్చింది’, ‘పచ్చి’ అన్నప్పుడు ఆ పిల్ల నోట ‘చ’ చక్కగానే వస్తుంది. మాట మొదట్లో మాత్రం ‘స’ అయిపోతుంది. రెండో రోజు వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. నాలుగో రోజుకు ఈశ్వరి కళ్లు నేల మీదే ఉన్నాయి. ఏడో రోజు నోరు తెరవలేదు. ఎనిమిదో రోజు పాఠం చదవమన్నా చదవలేదు. ఆ తర్వాత మూడు రోజులు బడికే రాలేదు.

మూడో రోజు మధ్యాహ్నం భోజనాలు కాగానే దీవెన ఒడ్డుకు వెళ్లింది. ఈశ్వరి తండ్రి గుజరాత్ బోట్ల మీద పనిచేస్తాడు. తల్లి రొయ్యల షెడ్డుకు పోతుంది. పిల్లను చూసేది మామ్మ బుల్లమ్మ. ఇసక మీద పాత వలలు పరిచి, నెత్తళ్లు అనే చిన్న చేపల్ని ఎండబోసి, చేత్తో తిరగేస్తోంది. పక్కనే ఈశ్వరి కర్రతో కాకుల్ని తోలుతోంది. టీచరును చూసి ఒడ్డున ఉన్న పడవ వెనక్కి పోయింది.

“రా టీచరమ్మా” అంది బుల్లమ్మ, చెయ్యి ఆపకుండానే. “మా గుంట ఈశ్వరి నోరు తప్పని సెప్పినావట.”

“తప్పని కాదు మామ్మా. పరీక్షలో...”

“ఆ నోరు నాది. నా నోరే దానికొచ్చినాది. నన్ను కూడా నిలబెట్టి సెప్పిస్తావేటి?”

“పరీక్షలో మాట సరిగ్గా పలకకపోతే చదవడం రాదని రాసేస్తున్నారు. దాని మంచికే కదా నేను...”

బుల్లమ్మ నడుం నిలబెట్టి చూసింది. “నాను సదూకోనేదు. నాకు తెలీదు, అడుగుతన్నాను. కాయితం మీదున్నది ఆ గుంట సదవలేకపోతన్నాదా, అది సదివింది మీరు ఇనలేకపోతన్నారా?”

ఎండ చురుక్కుమంటోంది. దీవెన తెలియకుండానే వంగి, వల అంచుకు పోయిన నాలుగు చేపల్ని లోపలికి నెట్టింది.

“దానికి సదవడం వస్తాది మామ్మా” అంది చివరికి. “బాగా వస్తాది. నాను సూసినాను.”

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని ఒక క్షణం తర్వాత గాని ఆమెకు తెలియలేదు. బుల్లమ్మ మాత్రం నవ్వింది. “ఇదిగో, నీ నోరు కూడా ఇదే. రేపు అంపుతాను. ఇంక నిలబెట్టకు.”

మర్నాడు ఈశ్వరి వచ్చి గోడవార కూర్చుంది. దీవెన ఆమెను చదవమనలేదు. మూడో తరగతి పదకొండు మందినీ పలకలు తీయమంది.

“ఈ రోజు డిక్టేషన్. నేను మన ఇళ్లల్లో మాట్లాడినట్టు చెప్తాను. మీరు పుస్తకంలో ఉన్నట్టు రాయాలి.”

పద్నాలుగేళ్లుగా తరగతి గదిలో దాచిపెట్టుకున్న మాట తీయడం అంత తేలిక కాలేదు. ఒకసారి గొంతు సవరించుకుని, “సీర” అంది. పిల్లలంతా ఘొల్లుమన్నారు. టీచరమ్మ మనలా మాట్లాడుతోందని ఒకరి భుజం ఒకరు పొడుచుకున్నారు. ఈశ్వరి తలెత్తి చూసింది. దీవెన ఆగలేదు. “సీసా. సెట్టు. సెలవు. సాప. సబ్బు. సుక్క. సున్నం...” మొత్తం ఇరవై మాటలు చెప్పింది. పది ‘చ’తో రాయాల్సినవి, పది ‘స’తో రాయాల్సినవి.

పలకలు తీసుకుని ఒక్కొక్కటీ చూసింది. ఈశ్వరి పలక మీద చీర, సీసా, చెట్టు, సెలవు, చాప, సబ్బు. ఇరవైకి ఇరవై. ఇంకో ఏడుగురికి కూడా దాదాపు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ముగ్గురు మాత్రం సీర, సాప అని విన్నది విన్నట్టు రాశారు.

దీవెన ఆ పలకల ముందు చాలాసేపు కూర్చుంది. పరీక్ష ఈ పదకొండు మందిలో తొమ్మిది మందికి చదవడం రాదంది. నిజంగా సాయం కావలసింది ముగ్గురికి. ఆ ముగ్గురూ అచ్చులో ఈ మాటల్ని ఇంకా తగినన్ని సార్లు చూడలేదు. మిగతావాళ్లకు అక్షరం తెలుసు, మాట తెలుసు, అర్థం తెలుసు. ఇంతకాలం పిల్లల నోటికే చెవి పెట్టింది గానీ వాళ్ల కంటికి ఏం తెలుసో తను కూడా అడగలేదు. వారం రోజులు ఆ పిల్లను నిలబెట్టిన సంగతి గుర్తొచ్చి ఆమెకు సిగ్గేసింది. ఆ సిగ్గుతో ఊరుకుంటే పిల్లకు ఒరిగేదేమీ లేదని కూడా అనిపించింది. పలకలన్నీ ఫోన్‌లో ఫొటోలు తీసింది.

కూర్మయ్యగారికి చూపిస్తే ఆయన తల ఊపారు గాని, “ఎందుకమ్మా గొడవ? లిస్టులో పేరుంటే ఉందనుకో. మధ్యాహ్నం నీ ఇష్టమొచ్చిన కథలు చెప్పుకో. ఎవరు చూస్తారు?” అన్నారు.

“ఈ ఏడు నేను చూసుకుంటాను సార్. వచ్చే ఏడు ఇంకొకరొస్తారు. రికార్డులో చదవడం రాదని ఉంటే, వాళ్లు ఆ పిల్లను అలాగే చూస్తారు.”

మండల విద్యాశాఖాధికారికి ఉత్తరం రాసి ఫొటోలు జతచేసింది. రెండు వారాలు చూసింది. జవాబు రాలేదు. శనివారం బడి విడిచిపెట్టాక ఆఫీసుకు వెళ్లింది. ఎంఈఓ నరసింగరావు మీటింగ్‌కి వెళ్లారన్నారు. తర్వాతి శనివారం మళ్లీ వెళ్లింది. గంటన్నర బల్ల మీద కూర్చున్నాక లోపలికి పిలిచారు.

నరసింగరావు చెడ్డమనిషి కాదు, తీరిక లేని మనిషి. ఫోన్ పక్కన పెట్టి, “మీ ఉత్తరం చూశానమ్మా. ఒక్క పిల్ల కోసం రూలు మార్చే అధికారం నాకు లేదు” అన్నారు.

“మార్చొద్దు సార్. ఒకసారి వచ్చి వినండి.”

“విన్నా అంతే కదా? తప్పు పలికితే తప్పే కదా?”

“సార్, మీరు ఇంట్లో ‘సెప్పు’ అంటారా, ‘చెప్పు’ అంటారా?”

ఆయన చటుక్కున తలెత్తారు. దీవెన చూపు తిప్పుకోలేదు. ఆయన కాసేపు కలంతో బల్ల మీద కొట్టి, “మంగళవారం ఆ పక్క రెండు బళ్లున్నాయి. వస్తాను” అన్నారు.

మంగళవారం పదకొండు గంటలకు ఆయన జీపు దిగారు. నెలవారీ పరిశీలనకు వచ్చిన శ్రావణి కూడా ఉంది. దీవెన ముందురోజే చెప్పి రప్పించడంతో బుల్లమ్మ వరండా మెట్టు మీద కూర్చుంది. చేతులు ఎంత కడుక్కున్నా చేపల వాసన పోలేదని కొంగులో దాచుకుంది.

“చదువమ్మా” అన్నారు నరసింగరావు, పుస్తకం ఇచ్చి.

ఈశ్వరి పుస్తకం పట్టుకుంది. అంతే. పెదవి కదల్లేదు. ఆయన మళ్లీ అడిగారు. కూర్మయ్యగారు బుజ్జగించారు. పిల్ల చూపు నేల మీదే ఉంది. శ్రావణి ట్యాబ్ తీయబోయి మళ్లీ సంచిలో పెట్టేసింది.

ఇంతమంది ముందు మళ్లీ అదే పిల్లను అలాగే నిలబెట్టానని దీవెనకు అర్థమైంది. దగ్గరికెళ్లి పుస్తకం తీసుకుని, పలక ఇచ్చింది. మెట్టు వైపు తిరిగింది.

“మామ్మా, నువ్వు సెప్పు. అది రాస్తాది.”

“ఏటి సెప్పమంతావు?”

“ఏదైనా. నీకు తోచింది.”

బుల్లమ్మ కాస్త ఆలోచించి, తనకు బాగా తెలిసిన సంగతి ఎత్తుకుంది. “సలికాలం నెత్తళ్లు సాప మీద ఎయ్యకూడదు. సెమ్మ పట్టేస్తాది.”

ఈశ్వరి మామ్మ వైపు చూసింది. బలపం తడిచేసుకుని వంగి రాయడం మొదలుపెట్టింది. అయ్యాక మామ్మ దగ్గరికి జరిగి, “ఇంకోటి సెప్పు” అంది. ఆ పిల్ల గొంతు విని దీవెనకు చాలా రోజులయింది.

బుల్లమ్మకు హుషారు వచ్చింది. “సారుగారూ, మా ఇంట్లో సారు కాసినాను, తాగెల్లండి.”

కూర్మయ్యగారు నవ్వు ఆపుకోలేకపోయారు. నరసింగరావు పలక తీసుకుని కళ్లద్దాలు సర్దుకున్నారు. ‘చలికాలం నెత్తళ్లు చాప మీద ఎయ్యకూడదు. చెమ్మ పట్టేస్తాది. సారుగారూ మా ఇంట్లో చారు కాసినాను తాగెల్లండి.’ మామ్మ మాటలు మామ్మవిగానే ఉన్నాయి. ‘చ’ ఉండాల్సిన చోట ‘చ’, ‘స’ ఉండాల్సిన చోట ‘స’ ఉంది.

ఆయన రెండుసార్లు చదువుకుని, పిల్ల ఎత్తుకు వంగారు. “రెండూ ఒకలాగే వినబడ్డాయి కదమ్మా. ఎలా తెలిసింది?”

ఈశ్వరి పలక మీద వేలు పెట్టింది. “తాగే సారు ఇది సార్. బడిలో సారు అది.”

“ఓహో” అన్నారాయన. పుస్తకం తెరిచి, ఇంకా చెప్పని పాఠం ఒకటి తీసి, పిల్ల పక్కనే అరుగు మీద కూర్చున్నారు. “నీకెలా వస్తే అలాగే సదువు” అన్నారు.

ఈశ్వరి దీవెన వైపు చూసింది. దీవెన తలాడించింది. పిల్ల చదవడం మొదలుపెట్టింది. మొదటి వాక్యం మెల్లగా, రెండోది మామూలుగా, మూడోదానికల్లా పాత వేగం వచ్చేసింది. నరసింగరావు ఒక్కో మాట కిందా వేలు జరుపుతూ విన్నారు. పేజీ అయ్యాక, “ఒక తప్పుంది. ‘రాష్ట్రం’ అని ఉంటే ‘రాష్టం’ అంది” అన్నారు.

“అవును సార్. అది తప్పే. మూడక్షరాల వత్తులు దానికింకా రాలేదు” అంది దీవెన. “అది నేర్పాల్సిన పని నాది.”

ఆయన విజిట్ రిజిస్టరు తెప్పించుకుని రాశారు: ఇంటి యాసలో పలికిన మాటను చదువులో తప్పుగా లెక్కించరాదు. అనుమానం ఉన్నచోట రాయించి చూసి స్థాయి నిర్ణయించాలి. మధ్యాహ్నం గుంపులను తరగతి టీచరే కూర్చవచ్చు. కింద సంతకం చేసి, “ట్యాబ్‌లో ఫలితం డిసెంబరు దాకా మార్చడం కుదరదమ్మా. అది నా చేతిలో లేదు. పైకి మాత్రం రాస్తాను” అన్నారు.

దీవెనకు అది పూర్తిగా సరిపోలేదు. “డిసెంబరులో ఏ రూలుతో పరీక్ష పెడతారు సార్?” అని అడిగింది. ఆయన మళ్లీ రమ్మన్నారు. వస్తానంది.

జీపు కదిలే ముందు శ్రావణి వెనక్కి వచ్చింది. ఆ రిజిస్టరు పేజీని ఫొటో తీసుకుంటూ, “మేడమ్, మా కొత్తవలస దగ్గర బళ్లల్లో ఇలాంటి పిల్లలు పద్నాలుగు మంది ఉన్నారు. నేనే నొక్కాను. మీరు పిల్లలచేత రాయించిన మాటల పట్టిక నాకిస్తారా?” అంది. దీవెన ఇరవై మాటలూ కాగితం మీద రాసిచ్చి, ఎలా చెప్పాలో కూడా చెప్పింది. “నవ్వొస్తుంది మొదట. ఆగకండి” అంది.

బుల్లమ్మ అప్పటికే ఒడ్డు దారి పట్టింది. పన్నెండు దాటితే ఎండిన నెత్తళ్లు పొడి అయిపోతాయట.

ఆ రోజు మధ్యాహ్నం దీవెన గుంపులు మార్చేసింది. విన్నది విన్నట్టు రాసిన ముగ్గురినీ తన బల్ల దగ్గర కూర్చోబెట్టుకుని చేప బొమ్మ, చెట్టు బొమ్మ, సీసా బొమ్మ కింద మాటలు చూపించింది. మిగతావాళ్లు కథల పుస్తకాలు తీసుకున్నారు. ఈశ్వరి పుస్తకం తీసుకోలేదు. పొద్దున చదివిన పాఠం పేజీ తెరిచి పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చింది.

“టీచర్, ఇది ఎలగ?”

‘రాష్ట్రం’ మీద వేలుంది. దీవెన నల్లబల్ల మీద పెద్దగా రాసింది. ‘ష’ను తెల్ల సుద్దతో, కింద ‘ట’ వత్తును ఎర్ర సుద్దతో, దాన్ని చుట్టిన ‘ర’ను పచ్చ సుద్దతో వేసింది. “మూడు చప్పుళ్లూ ఒకదాని వెంట ఒకటి. గాలి విడవకు” అంది.

“రాష్... టం.”

“ఒకటి పోయింది. పచ్చది ఏది?”

“ర.”

“దాన్ని కలుపు.”

ఈశ్వరి నొసలు ముడిచి బల్ల వైపు చూసింది. “రాష్... ట... రం.”

“దగ్గరికొచ్చింది. ఇంకోసారి.”

పిల్ల ఊపిరి పీల్చుకుని మళ్లీ మొదలుపెట్టింది.